సోనీ బాడీకి నికాన్ లెన్స్: పడుద్ది గానీ, మీకు టైమ్ ఉందా?

"అన్నా, సోనీ బాడీకి నికాన్ లెన్స్ పడుద్దా?"

నా దగ్గర పాత లెన్సులు చూసిన ప్రతివాళ్ళూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఒక్క మాటలో జవాబు: పడుద్ది. మధ్యలో ఓ రింగు కావాలి, అంతే. దాన్నే అడాప్టర్ అంటాం. కానీ ఈ ప్రశ్న అడిగి, ఆ రింగు కొని, రెండు నెలలకే డ్రాయర్‌లో పడేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. రింగు మంచిదే, లెన్సూ మంచిదే. కొనేముందు అడగాల్సిన ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. అడగనందుకు మా ఇంట్లో ఒక ఫోటో పోయింది. ఆ సంగతి చెబుతూనే లెన్సుల లెక్క కూడా చెప్తాను.

స్టూడియో బాబాయ్ ఇచ్చిన మూడు లెన్సులు

మాది కృత్తివెన్ను. బందరు నుంచి నరసాపురం వైపు 216వ నేషనల్ హైవే మీద వెళ్తుంటే రెండు పక్కలా రొయ్యల చెరువులు, వాటిలో నురగ లేపుతూ తిరిగే ఏరియేటర్లు కనపడతాయి చూడండి, ఆ దారిలోదే. రొయ్యల పంట కాస్త బాగా చేతికొచ్చిన ఏడాది నాన్న ఒప్పుకుంటే సెకండ్ హ్యాండ్‌లో సోనీ ఏ6400 తీసుకున్నాను. బాడీ, దాంతో వచ్చిన 16-50 కిట్ లెన్స్, ఒక ఎక్స్‌ట్రా బ్యాటరీ. అక్కడితో డబ్బులు అయిపోయాయి. ఇంకో లెన్స్ అని నోరు తెరిస్తే ఇంట్లో నన్నే అమ్మేసేలా ఉన్నారు.

అప్పుడే మా ఊళ్ళో స్టూడియో బాబాయ్ షట్టర్ దించేశారు. చుట్టం కాదు, ఊరందరికీ బాబాయే. నా అన్నప్రాసన ఫోటో తీసింది ఆయనే, పదో తరగతి హాల్ టికెట్‌కి పాస్‌పోర్ట్ సైజు తీసిందీ ఆయనే. ఫిల్మ్ రోజుల నుంచీ నికాన్ మనిషి. చివరిదాకా వాడింది డీ90. సామాను సర్దుతున్న రోజు వెళ్తే మూడు లెన్సులు నా చేతిలో పెట్టారు.

"ఒరేయ్ అబ్బాయ్, బీరువాలో పెట్టి బూజు పట్టించే కంటే నువ్వు వాడుకో. పాడైనా పర్లేదు గానీ అమ్మకు."

"నాది సోనీ బాబాయ్, ఇవి నికాన్‌వి కదండీ!"

"కంపెనీ నీ కెమెరాకి ఉంటదిరా, వెలుగుకి ఉంటదా?"

ఆ డైలాగ్ విని నేను ఫ్లాట్. మూడూ పట్టుకుని ఇంటికొచ్చేశా. ఒకటి 135 ఎంఎం ఎఫ్2.8, ఏఐ-ఎస్ రకం, పూర్తిగా మాన్యువల్. రెండోది 50 ఎంఎం ఎఫ్1.8 డి. మూడోది డీ90తో పాటు వచ్చే 18-105 జి జూమ్. మూడూ నికాన్ ఎఫ్ మౌంట్‌వే. కానీ అడాప్టర్ మీద పెడితే మూడూ మూడు రకాలుగా ప్రవర్తించాయి. ఎందుకో తెలియాలంటే ముందు ఆ రింగు ఏం చేస్తుందో చూడాలి.

28.5 మిల్లీమీటర్ల ఖాళీ

చిన్నప్పుడు ఎండలో భూతద్దంతో కాగితం కాల్చారా? అద్దాన్ని పైకీ కిందికీ జరుపుతుంటే ఒక్క దూరం దగ్గరే చుక్క సన్నగా, పదునుగా పడుతుంది. కొంచెం అటు జరిగినా ఇటు జరిగినా మసకే. లెన్సుకీ సెన్సార్‌కీ మధ్య కూడా అంతే. ప్రతి కంపెనీ తన మౌంట్ నుంచి సెన్సార్‌కి ఎంత దూరం ఉండాలో ముందే నిర్ణయించుకుని, దాని ప్రకారమే లెన్సులు చేస్తుంది. దీన్నే ఫ్లాంజ్ డిస్టెన్స్ అంటారు.

1959లో వచ్చిన నికాన్ ఎఫ్ మౌంట్‌కి ఆ దూరం 46.5 ఎంఎం. 1987 నాటి కెనాన్ ఈఎఫ్‌కి 44. పాత రోజుల మర సైజు ఎం42కి దాదాపు 45.5. ఇవన్నీ లోపల అద్దం పైకి లేచే కెమెరాల కోసం చేసినవి, ఆ అద్దం తిరగడానికి జాగా కావాలి కాబట్టి దూరం ఎక్కువ. మిర్రర్‌లెస్‌లో అద్దమే లేదు కదా, దూరం తగ్గిపోయింది. సోనీ ఈ మౌంట్ 18, ఫ్యూజీ ఎక్స్ 17.7, నికాన్ జెడ్ 16, కెనాన్ ఆర్ఎఫ్ 20.

ఇప్పుడు తీసివేత చేయండి. 46.5లోంచి 18 తీస్తే 28.5. నికాన్ లెన్స్‌ని సోనీకి పెట్టే అడాప్టర్ అంటే 28.5 ఎంఎం పొడవున్న బోలు గొట్టం, అంతకంటే ఏమీ లేదు. లోపల గాజు కూడా ఉండదు, కాబట్టి క్వాలిటీ తగ్గడానికి అందులో ఏమీ లేదు. ఉల్టా మాత్రం కుదరదు. సోనీ లెన్స్‌ని తెచ్చి నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌కి పెట్టాలంటే లెన్స్‌ని కెమెరా లోపలికి 28.5 ఎంఎం దూర్చాలి. అందుకే పాత లెన్స్ కొత్త బాడీకి వస్తుంది గానీ కొత్త లెన్స్ పాత బాడీకి రాదు. మిర్రర్‌లెస్‌లో మిర్రర్‌లెస్‌కి మాత్రం ఓ సరదా ఉంది: సోనీ ఈ లెన్స్‌ని నికాన్ జెడ్ బాడీకి పెట్టే అడాప్టర్ల మందం కేవలం 2 ఎంఎం. 18లోంచి 16 తీస్తే వచ్చేది అంతే మరి.

బోలు గొట్టమే కదా అని అన్నిటికంటే చీప్‌ది తీసుకుంటే ఏమవుద్దో నా అనుభవం చెప్తా. ఆన్‌లైన్‌లో పేరు లేని అడాప్టర్ ఒకటి తెప్పించాను. ఇంట్లో ఫోటోలన్నీ బ్రహ్మాండం. మంగినపూడి బీచ్‌కి తీసుకెళ్తే లైట్‌హౌస్ మసక, దూరంగా పడవలు మసక, ఇసుకలో నా ముందున్న ఫ్రెండు మాత్రం క్లియర్. లెన్స్ ఫోకస్ రింగు చివరిదాకా తిప్పినా దూరం అందలేదు. ఇంటికొచ్చి లెక్క కట్టాను. గొట్టం ఉండాల్సిన దానికంటే 0.1 ఎంఎం పొడవున్నా చాలు, 50 ఎంఎం లెన్స్ 25 మీటర్లకు మించి ఫోకస్ కాదు. అదే 24 ఎంఎం వైడ్ లెన్స్ అయితే 6 మీటర్ల లోపే ఆగిపోతుంది. అంటే మన వెంట్రుక మందమంత తేడా సముద్రాన్ని మింగేస్తుందన్నమాట.

కాబట్టి అడాప్టర్ రాగానే చేయాల్సిన టెస్ట్ ఒకటే. రాత్రి చంద్రుణ్ణో, ఊరి చివర సెల్ టవర్ లైట్‌నో ఫోకస్ చేయండి. రింగు చివరికి చేరకముందే పదునుగా వచ్చేస్తే గొట్టం కాస్త పొట్టిదన్నమాట, పర్వాలేదు, వాడుకోవచ్చు. చివరికి తిప్పినా రాకపోతే వెనక్కి పంపేయండి. రిటర్న్ గడువు ఉండగానే చేయండి, నాలాగా బీచ్‌కి వెళ్ళేదాకా ఆగకండి.

మూడు లెన్సులు, మూడు తరాలు

రెండో అడాప్టర్ మంచిది తెప్పించాక అసలు సంగతి మొదలైంది.

135 ఏఐ-ఎస్ లెన్స్ అడాప్టర్ కోసమే పుట్టినట్టు కూర్చుంది. ఫోకస్ చేత్తో, అపర్చర్ రింగు చేత్తో. కెమెరా నుంచి దానికి ఏమీ అక్కర్లేదు, కాబట్టి కోల్పోయేదీ ఏమీ లేదు. ఫోకస్ రింగు నేతిలో తిప్పినట్టు తిరుగుతుంది. ఏ6400ది ఏపీఎస్-సీ సెన్సార్, 1.5 క్రాప్. అంటే 135 కాస్తా చూపులో 200 లెన్స్ అయింది. చెరువు గట్టు మీద నుంచుని అవతలి గట్టు మీద మేత చల్లే మనిషిని పట్టుకోవచ్చు.

50 ఎఫ్1.8 డి దగ్గర మొదటి చిక్కు. ఈ డి లెన్సుల్లో మోటార్ ఉండదు. కెమెరా బాడీలో మోటార్ ఉండి, స్క్రూడ్రైవర్ లాంటి పుల్లతో లెన్స్‌ని తిప్పుతుంది. బాబాయ్ డీ90లో ఆ మోటార్ ఉంది. బోలు గొట్టంలో ఎక్కడ నుంచి వస్తుంది? కాబట్టి చేత్తో తిప్పుకోవాలి. మెషిన్ గబగబా తిప్పడానికి చేసిన రింగు అది, వదులుగా, కొంచెం తిప్పితే చాలా దూరం పోతుంది. 135తో పోలిస్తే చేతికి అస్సలు పట్టు దొరకదు. అపర్చర్ రింగు మాత్రం ఉంది, అది పనిచేస్తుంది.

18-105 జిలో అసలు అపర్చర్ రింగే లేదు. కెమెరాలోని చిన్న మీట దాని అపర్చర్ నడుపుతుంది. ఆ మీట లేకపోతే లెన్స్ తనంతట తాను పూర్తిగా మూసుకుపోతుంది, అంటే మధ్యాహ్నం ఎండలో కూడా చీకటే. అడాప్టర్ మీద సొంత అపర్చర్ రింగు ఉన్న రకాలు దొరుకుతాయి గానీ, ఆ రింగు మీద అంకెలు నమ్మకం కాదు, వీఆర్ పనిచేయదు, ఆటోఫోకస్ లేదు. జూమ్ అన్నాక ఆ మూడూ లేకుండా ఎందుకు? దాన్ని బాబాయ్‌కే తిరిగిచ్చేశా.

ఇక్కడ మీరు గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం: లెన్స్ ఎంత పాతదైతే అడాప్టర్ మీద అంత సుఖం. ఎలక్ట్రానిక్స్ పెరిగేకొద్దీ బోలు గొట్టానికి చిప్ కావాలి, చిప్‌తో పాటు ఖర్చు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు, "ఈ లెన్స్‌తో పనిచేస్తుందా" అన్న సందేహాలు అన్నీ వస్తాయి.

సోనీలో ఓ సెట్టింగ్ మర్చిపోకండి. మెనూలో "రిలీజ్ వితౌట్ లెన్స్" ఎనేబుల్ చేయకపోతే బటన్ నొక్కినా షట్టర్ కొట్టదు. చిప్ లేని అడాప్టర్ పెడితే కెమెరా దృష్టిలో అక్కడ లెన్సే లేదు. అందుకే ఫోటో వివరాల్లో అపర్చర్, ఫోకల్ లెంగ్త్ కూడా నమోదు కావు.

రాత్రి రెండు గంటల ముహూర్తం

ఇదంతా నేర్చుకుని, 50 ఎంఎంతో ఊళ్ళో నాలుగు మంచి ఫోటోలు తీసి, స్టేటస్‌లో పెట్టి, నాలుగు పొగడ్తలు విన్నాక ఒంటికి కొంచెం ఎక్కింది. పిన్ని కూతురి పెళ్ళి వచ్చింది. పెళ్ళికి వేరే ఫోటోగ్రాఫర్ ఉన్నాడు, నేను సరదాగా మావాళ్ళ ఫోటోలు తీస్తానన్నాను. బ్యాగులో కిట్ లెన్స్ ఉంది. కానీ రాత్రి రెండు గంటల ముహూర్తం, పందిట్లో వెలుగు తక్కువ, ఎఫ్1.8 ఉండగా కిట్ లెన్స్ ఎవడు పెడతాడు?

జీలకర్ర బెల్లం అయింది, తాళి అయింది. మా నానమ్మ కుర్చీలోంచి లేచింది. ఎనభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నాలుగడుగులు వేసి, ఇద్దరి మీదా అక్షింతలు వేసి, తలెత్తి నా వైపు చూసి నవ్వింది. మొత్తం కలిపి రెండు సెకన్లు. నేను రెండు మీటర్ల దూరంలో ఉన్నాను. రింగు తిప్పాను, పీకింగ్ రంగు మెరిసింది, నొక్కాను.

ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి చూస్తే చెవి కమ్మల్లో ఒక్కో రాయీ లెక్కపెట్టొచ్చు. కళ్ళు మాత్రం మసక.

తర్వాత లెక్క చూసుకున్నా. ఏపీఎస్-సీ మీద 50 ఎంఎం, ఎఫ్1.8, రెండు మీటర్ల దూరం. ఫోకస్‌లో ఉండే లోతు మొత్తం కలిపి 11 సెంటీమీటర్లు, అందులో ముందుకు సగం, వెనక్కి సగం. చెవికీ కంటికీ మధ్య దూరమే ఆ సగం దాటిపోతుంది. నడుస్తున్న మనిషి, వదులు రింగు, నిద్ర మొహం. ఎలా వస్తుంది? అదే కిట్ లెన్స్ పెట్టి ఉంటే ఆటోఫోకస్ కన్ను వెతికి పట్టుకునేది. ఐఎస్ఓ పెరిగి గ్రెయిన్ వచ్చేది, రానీ. గ్రెయిన్ ఉన్నా కళ్ళు ఉండేవి. పెళ్ళి ఫోటోగ్రాఫర్ ఆల్బంలో చూశాం, ఆయన కెమెరా పెళ్ళికూతురి మీద ఉంది, నానమ్మ వీపు మాత్రమే పడింది.

కిందటి కార్తీకంలో నానమ్మ పోయింది. హాల్లో పెట్టడానికి ఫోటో వెతికితే నాన్న ముందు అడిగింది ఆ పెళ్ళి ఫోటోనే. "నవ్వింది కదరా, అదేది?" అన్నారు. చూపించాను. ఏమీ అనలేదు, పక్కన పెట్టేశారు.

అరుగు మీద పది నిమిషాలు

ఇప్పుడు మా హాల్లో గోడ మీదున్న ఫోటో వేరే. తమాషా ఏంటంటే అది కూడా అదే 50 ఎంఎంతో, అదే అడాప్టర్‌తో తీసిందే. పెళ్ళికి రెండు నెలల ముందు, ఓ సాయంత్రం నానమ్మ అరుగు మీద కూర్చుని చేటలో ఎండు రొయ్యలు ఏరుతోంది. నేను ఎదురుగా కింద కూర్చున్నాను. మాగ్నిఫయర్ ఆన్ చేసి, దాదాపు ఆరు రెట్లు పెద్దది చేసి, రింగు నెమ్మదిగా తిప్పుకుంటూ, అపర్చర్ ఎఫ్4కి దించుకుని, ఆవిడ తల ఎత్తేదాకా ఆగాను. ఎఫ్4లో ఆ దూరానికి లోతు 25 సెంటీమీటర్ల దాకా వస్తుంది, ముఖమంతా పడుతుంది. "ఎంతసేపురా, ఆ డబ్బా ముందేసుకుని" అని విసుక్కుంటూ చూసింది. అదే గోడ మీద ఉంది. కళ్ళ చుట్టూ ఒక్కో ముడతా కనపడుతుంది.

ఒకే బాడీ, ఒకే లెన్స్, ఒకే రింగు, ఒకే మనిషి. ఒకచోట నానమ్మ నాకు పది నిమిషాలు ఇచ్చింది. ఇంకోచోట రెండు సెకన్లు ఇచ్చింది. అందుకే ఇప్పుడు ఎవరైనా "పడుద్దా అన్నా" అంటే నేను తిరిగి ఒకటే అడుగుతున్నా: నువ్వు తీసేది నీకు ఎంత టైమ్ ఇస్తుంది?

అడాప్టర్ బిల్లు రూపాయల్లో కనపడుతుంది గానీ అసలు ధర మాత్రం సెకన్లలో కడతాం.

ఇది పెద్దవాళ్ళకీ తప్పలేదు. 1975లో వచ్చిన "బారీ లిండన్" సినిమాలో కొవ్వొత్తుల వెలుగులో సీన్లు తీయడానికి స్టాన్లీ కూబ్రిక్ జైస్ కంపెనీ 50 ఎంఎం ఎఫ్0.7 లెన్స్ వాడాడు. అది నాసా కోసం చేసిన లెన్స్, సినిమా కెమెరాది కాదు. దాని వెనక గాజు ఫిల్మ్‌కి బాగా దగ్గరగా రావాలి కాబట్టి కెమెరానే కోసి మార్చాల్సి వచ్చింది. లోతు ఎంత తక్కువంటే నటులు కూర్చున్నచోట నుంచి పెద్దగా కదలకూడదు. లెన్స్ కోసం సీన్‌నే నెమ్మది చేశాడాయన. మన చెల్లి పెళ్ళిలో మనం అలా చేయలేం కదా!

మరి మీరేం చేయాలి?

మీ దగ్గర ఏముందో దాన్ని బట్టి చెప్తాను.

కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్ వాడి, ఆర్10, ఆర్50 లాంటి ఆర్ఎఫ్ బాడీకి మారుతున్నారా? ఇంట్లో ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సులు ఉంటే కెనాన్ సొంత ఈఎఫ్-ఈఓఎస్ ఆర్ అడాప్టర్ తీసుకోండి. 24 ఎంఎం గొట్టం, లోపల కరెంటు కాంటాక్టులు. ఆటోఫోకస్, స్టెబిలైజేషన్, వివరాలు అన్నీ పనిచేస్తాయి. అడాప్టర్లలో ఇంత ప్రశాంతమైనది ఇంకోటి లేదు.

నికాన్ నుంచి జెడ్‌కి వెళ్తున్నారా? ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద ఏఎఫ్-ఎస్ లెన్సులకు ఆటోఫోకస్ వస్తుంది. పాత డి లెన్సులకు రాదు, ఎందుకంటే అందులోనూ ఆ తిప్పే మోటార్ లేదు. సెకండ్ హ్యాండ్‌లో "నికాన్ లెన్స్, చీప్" అని చూసి డి రకం కొనేసి తర్వాత తల పట్టుకోకండి. పేరులో ఏఎఫ్-ఎస్ ఉందో లేదో చూడండి.

సోనీ బాడీకి కెనాన్ ఈఎఫ్ లెన్సులా? ఈఎఫ్ లెన్సుల అపర్చర్ పూర్తిగా కరెంటుతో నడుస్తుంది, బోలు గొట్టం పెడితే అపర్చర్ మార్చడమే కుదరదు. సిగ్మా ఎంసీ-11 లాంటి చిప్ ఉన్న అడాప్టర్ కావాలి. ఫోటోలకు ఫర్వాలేదు. వీడియోలో, పరిగెత్తే పిల్లల మీద సొంత లెన్స్ అంత నమ్మకం మాత్రం పెట్టుకోవద్దు.

పక్షులా? కైకలూరు దగ్గర ఆటపాకకి వెళ్ళి గూడబాతుల్ని తీద్దామనుకుంటే నా 135తో చెట్టు మీద కూర్చున్నవి వస్తాయి. ఎగిరేవి మర్చిపోండి. ఏ6400 బాడీలో స్టెబిలైజేషన్ కూడా లేదు, చేతిలో పట్టుకుంటే షట్టర్ 1/250 కంటే తగ్గించను. బాడీలో స్టెబిలైజేషన్ ఉన్న కెమెరా అయితే మెనూలో ఫోకల్ లెంగ్త్ చేత్తో ఎక్కించాలి. లేకపోతే 135 పెట్టినప్పుడు అది ఇంకేదో అనుకుని తప్పుగా ఊపుతుంది.

మాన్యువల్ లెన్స్‌తోనే జనంలో తిరగాలని ఉంటే ఒక పాత చిట్కా ఉంది, బాబాయ్ నేర్పిందే. లెన్స్ మీద రాసున్న దూరం అంకెలు చూడండి. 50 ఎంఎంని ఎఫ్8కి, 3 మీటర్లకి పెట్టేస్తే రెండున్నర మీటర్ల నుంచి మూడు మీటర్ల డెబ్బై దాకా అంతా పదునే. ఇక రింగు ముట్టుకోకుండా మీరే ముందుకీ వెనక్కీ నడవండి. పగటి పూట సంతలో, జాతరలో ఆటోఫోకస్ కంటే ఇదే ఫాస్ట్. పెళ్ళి పందిట్లో అర్ధరాత్రి మాత్రం ఎఫ్8కి వెలుగు చాలదు, అది వేరే సంగతి.

రీల్ చూసి హీలియోస్ కొనేముందు

సుడి తిరిగే బ్యాక్‌గ్రౌండ్ కోసం హీలియోస్ 44-2 కొనేవాళ్ళకి ఒక మాట. సోవియట్ కాలం నాటి 58 ఎంఎం ఎఫ్2 లెన్స్ అది, జైస్ బయోటార్ డిజైన్ నుంచి వచ్చింది. ఆ సుడి ఫ్రేమ్ అంచుల్లో ఉంటుంది. మీరు చూసిన రీల్ ఫుల్ ఫ్రేమ్ మీద తీసి ఉండొచ్చు. ఏపీఎస్-సీ సెన్సార్ ఆ అంచుల్నే కత్తిరించేస్తుంది, సుడిలో చాలా భాగం పోతుంది. పైగా వెనకాల ఆకుల సందుల్లోంచి వెలుగు చుక్కలు పడాలి, దూరం కుదరాలి. మామిడి తోటలో వస్తుంది, ఖాళీ చెరువు గట్టు మీద రాదు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. ఇంట్లో ఉన్న గాజు కోసం, బాబాయ్‌లు ఇచ్చిన గాజు కోసం అడాప్టర్ కొనండి, చాలా గొప్ప ఖర్చు అది. అడాప్టర్ ఉంది కదా అని పాత గాజు కొత్తగా కొనడం మాత్రం మొదటి లెన్స్‌గా వద్దు. ఐదారేళ్ళ కిందట నేను కూడా ఇంకోలా చెప్పేవాణ్ణి. ఇప్పుడు విల్‌ట్రాక్స్, టీటీఆర్టిసాన్ లాంటి కంపెనీలు సోనీ, నికాన్ జెడ్, ఫ్యూజీ మౌంట్లకి నేరుగా ఆటోఫోకస్ ప్రైమ్ లెన్సులు చేస్తున్నాయి, అసలు కంపెనీ ధర కంటే బాగా తక్కువకి. సిగ్మా, టామ్రాన్ ఉండనే ఉన్నాయి. వేరే కంపెనీ లెన్స్ వాడటానికి ఇప్పుడు రింగు అక్కర్లేదు.

అందుకే బాడీ కొనేటప్పుడే మౌంట్ తలుపులు ఎంత తెరిచి ఉన్నాయో చూసుకోండి. సోనీ 2011లోనే ఈ మౌంట్ వివరాలు ఇతర కంపెనీలకు ఇచ్చింది, ఇవాళ దానికున్న లెన్సుల వరుసకి అదే కారణం. లైకా, పానాసోనిక్, సిగ్మా 2018లో కలిసి ఎల్ మౌంట్ పంచుకున్నాయి. కెనాన్ ఆర్ఎఫ్ తలుపు చాలాకాలం మూసే ఉంది. 2022లో విల్‌ట్రాక్స్ తన ఆర్ఎఫ్ ఆటోఫోకస్ లెన్సుల అమ్మకం ఆపేయాల్సి వచ్చింది. 2024లో సిగ్మా, టామ్రాన్‌లు లైసెన్స్‌తో ఏపీఎస్-సీ ఆర్ఎఫ్ లెన్సులు ప్రకటించాయి. బాడీ రెండు మూడేళ్ళలో మారుస్తారు, మౌంట్‌తో మాత్రం చాలా ఏళ్ళు కాపురం చేస్తారు.

మన గాలికి పాత లెన్స్ అంటే ఇష్టం

రివ్యూల్లో చెప్పని ఇంకో విషయం. మన డెల్టా గాలిలో తేమ, సముద్రం వైపు ఉప్పు. లెన్స్ లోపల ఫంగస్‌కి ఇంతకంటే మంచి ఊరు దొరకదు. బాబాయ్ 135 లోపల అంచున సాలెగూడు లాంటి సన్నని దారాలు అప్పటికే ఉన్నాయి. బెజవాడలో విప్పి తుడిపిస్తే ఫంగస్ పోయింది గానీ, అది గాజు మీది కోటింగ్‌ని తిన్నచోట మచ్చ ఉండిపోయింది. ఎండకు ఎదురుగా తీస్తే అక్కడ పొగలా వస్తుంది.

పాత లెన్స్ ఎక్కడ కొన్నా, ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి ముందు నుంచి చూడండి. దుమ్ము కణాలు నాలుగు ఉంటే ఏం కాదు. దారాలు, వేర్లలాంటి గీతలు ఉంటే వదిలేయండి. ఇంట్లో తోలు కేసులో, బట్టల బీరువాలో పెట్టకండి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, రంగు మారే సిలికా జెల్, లోపల ఒక చిన్న తేమ మీటర్ చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేట్టు చూసుకోండి. జెల్ రంగు మారగానే వేడి చేసి ఆరబెట్టి మళ్ళీ వేయండి. బియ్యం డబ్బాలో దాచే చిట్కా వద్దు, తేమ పెద్దగా లాగదు, తవుడు దుమ్ము మాత్రం రింగుల్లోకి పోతుంది. బీచ్ నుంచి రాగానే అడాప్టర్ కూడా విప్పి, కొంచెం తడిచేసిన మెత్తటి గుడ్డతో, ఆ తర్వాత పొడి గుడ్డతో తుడవండి. ఉప్పు రాత్రంతా కూర్చుంటే మర్నాడు రింగు తిరగనంటుంది.

చివరగా

మా బందరు పక్కన చిలకలపూడి ఉంది, రోల్డ్ గోల్డ్ నగలకి పేరు. మా ఊళ్ళో ఏ పెళ్ళికి వెళ్ళినా ఆ నగలు కనపడతాయి. వేసుకున్నవాళ్ళు ఎవరూ సిగ్గుపడరు, ఎందుకంటే అదేంటో వాళ్ళకి తెలుసు. పెళ్ళికి మెరుస్తుంది, తాకట్టుకి పనికిరాదు. అడాప్టర్ పెట్టిన లెన్స్‌ని కూడా అలాగే చూడండి. అదేం చేస్తుందో, ఏం చేయలేదో తెలిసి వాడితే చవకలో దొరికే ఆనందం అది.

నా బ్యాగులో ఇప్పుడు రెండు లెన్సులు ఉంటాయి. తొందర ఉన్నచోటికి ఆటోఫోకస్ ఉన్న చిన్న ప్రైమ్, తీరిక ఉన్నచోటికి బాబాయ్ 50. ఇంట్లోంచి బయల్దేరేముందు అక్కడ నాకు ఎంత టైమ్ దొరుకుతుందో ఆలోచించి బాడీకి ఏది బిగించాలో చూసుకుంటాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే, ఈ ఆదివారం వాళ్ళ ఎదురుగా ఓ పది నిమిషాలు కూర్చోండి. ఏ లెన్స్ అయినా పర్లేదు. ఫోకస్ మాత్రం కంటి మీద పెట్టండి.